పని మీద దెబ్బ తగిలితే: సల్మానియా ఎమర్జెన్సీలో మీరు చెప్పే మొదటి మాట

ఈసారి ఎపిసోడ్ విన్నాక చాలామంది ఒకటే మెసేజ్ పెట్టారు: "బస్సులో వింటున్నా, నంబర్లు రాసుకోలేకపోయా, మళ్లీ ఒకసారి రాసి పెట్టండి" అని. అందుకే అందులో మాట్లాడుకున్నదంతా ఇక్కడ వరుసగా పెడుతున్నాను. ఎపిసోడ్‌లో టైమ్ లేక వదిలేసినవి కూడా కొన్ని కలిపాను. ఫోన్‌లో సేవ్ చేసుకోండి. అవసరం రాకూడదనే కోరుకుందాం. వస్తే మాత్రం వెతుక్కునే టైమ్ ఉండదు.

ముందు మా రూమ్‌లో జరిగిన సంగతి చెప్తా. మాతో ఉండే ఒక తమ్ముడు సైట్లో నిచ్చెన మీంచి పడ్డాడు. కుడి మణికట్టు విరిగింది. ఫోర్‌మన్ పికప్‌లో ఎక్కించుకుని సల్మానియా హాస్పిటల్‌కి తీసుకొచ్చాడు. దారిలో ఒక మాట చెప్పాడు: "రూమ్‌లో బాత్రూమ్‌లో జారిపడ్డానని చెప్పు. సైట్ అంటే పోలీసులొస్తారు, నీకే తలనొప్పి." నొప్పితో ఉన్నవాడికి అంత ఆలోచన ఎక్కడుంటుంది? అట్లాగే చెప్పాడు. డాక్టర్ వాడు చెప్పిందే రాశారు: ఇంట్లో పడ్డాడు అని.

ఆరు వారాలకు కట్టు విప్పారు. చెయ్యి పూర్తిగా తిరగట్లేదు, సుత్తి పట్టుకోలేడు. అప్పుడు కంపెనీ ఏమన్నదంటే, "నీ సిక్ లీవ్ అయిపోయింది, పనికి రాలేకపోతే టికెట్ ఇస్తాం, ఊరికి వెళ్లు." పని మీద పడ్డాను సార్ అంటే, "కాగితంలో అట్లా లేదే" అన్నారు. చివరికి పక్కన పనిచేస్తున్న ఇద్దరు సాక్ష్యం చెప్పబట్టి, పడిన పది నిమిషాలకే మాకు వాట్సాప్‌లో పెట్టిన ఫోటో ఉండబట్టి కేసు కదిలింది. కానీ ఏడు నెలలు తిరిగాం. నాలుగు మాటల అబద్ధానికి ఏడు నెలలు.

జబ్బు వేరు, పని దెబ్బ వేరు

బహ్రెయిన్‌లో ప్రైవేటు కంపెనీల్లో పనిచేసేవాళ్లకు రెండు చట్టాలు ముఖ్యం. ఒకటి 2012లో వచ్చిన 36వ నంబర్ కార్మిక చట్టం. జీతం, సెలవులు, గ్రాట్యుటీ, ఉద్యోగం తీసేయడం లాంటివన్నీ ఇందులో ఉంటాయి. రెండోది 1976 నాటి సామాజిక బీమా చట్టం. దీన్ని నడిపేది సోషల్ ఇన్సూరెన్స్ ఆర్గనైజేషన్, అంటే ఎస్‌ఐఓ. పాతవాళ్లు ఇప్పటికీ "గోసీ" అంటారు, అది ముందున్న పేరు.

జ్వరమొచ్చినా, షుగర్ పెరిగినా, రూమ్‌లో కాలు జారినా అది జబ్బు. కార్మిక చట్టంలోని సిక్ లీవ్ లెక్క దానికి వర్తిస్తుంది. పని చేస్తుండగా, లేదా పని కారణంగా దెబ్బ తగిలితే అది పని దెబ్బ. దాని లెక్క పూర్తిగా వేరు, డబ్బు వచ్చే చోటు కూడా వేరు. మా తమ్ముడి విషయంలో జరిగిన మోసం ఏంటంటే, రెండో లెక్కలో ఉండాల్సిన మనిషిని మొదటి లెక్కలోకి నెట్టేశారు.

సిక్ లీవ్ లెక్క

వరసగా మూడు నెలలు పనిచేసినవాళ్లకు ఏడాదికి 55 రోజుల సిక్ లీవ్ ఉంది. మొదటి 15 రోజులు పూర్తి జీతం. తర్వాత 20 రోజులు సగం జీతం. ఆ తర్వాత 20 రోజులు జీతం లేకుండా.

మీ జీతం 120 దీనార్లు అనుకుందాం, రోజుకు 4 దీనార్లు పడుతుంది. మొదటి 15 రోజులకు 60 దీనార్లు, తర్వాతి 20 రోజులకు 40 దీనార్లు, చివరి 20 రోజులకు సున్నా. అంటే 55 రోజులకు మొత్తం 100 దీనార్లు.

దీనికి డాక్టర్ సర్టిఫికెట్ కావాలి. ప్రభుత్వ హెల్త్ సెంటర్ లేదా హాస్పిటల్‌ది, లేదంటే కంపెనీ ఒప్పుకున్న క్లినిక్‌ది. ఊళ్లో తెలిసిన డాక్టర్ వాట్సాప్‌లో పంపిన చీటీ పనికిరాదు. జబ్బు ఉందా లేదా, ఎన్ని రోజులు అవసరం అన్నదాని మీద కంపెనీకీ మీకూ పేచీ వస్తే దాన్ని తేల్చేది మెడికల్ కమిషన్. ఫోర్‌మన్ కాదు, ముదీర్ కాదు. "నువ్వు నాటకాలు ఆడుతున్నావ్" అని జీతం కోసే అధికారం వాళ్లకు లేదు.

ఏడాది సర్వీసు నిండినవాళ్లకు 30 రోజుల వార్షిక సెలవు విడిగా ఉంటుంది. సిక్ లీవ్‌ని దాంట్లోంచి తీసేస్తుంటే జీతం చీటీ చూసి అడగండి.

పని దెబ్బకు ఎస్‌ఐఓ

విదేశీ కార్మికుల కోసం ప్రతి నెలా కంపెనీ ఎస్‌ఐఓకి జీతంలో 3 శాతం కట్టాలి. ఇది పని ప్రమాదాల బీమా. 120 దీనార్ల జీతానికి 3.6 దీనార్లు. ఇది కంపెనీ జేబులోంచి పోవాల్సిన డబ్బు, మీ జీతంలోంచి కోయకూడదు. మీ జీతంలోంచి పోయేది 1 శాతం, అంటే 1.2 దీనార్లు. అది నిరుద్యోగ బీమా కోసం. జీతం చీటీలో "ఇన్సూరెన్స్" పేరుతో ఇంతకంటే ఎక్కువ కోతుంటే అది దేనికో అడగండి.

ఈ బీమా కింద మీకు వచ్చేవి ఇవి. ఒకటి, వైద్యం ఖర్చు. రెండు, పనికి వెళ్లలేని రోజులకు రోజువారీ భత్యం. ఇందులో 15 రోజులు, 20 రోజులు అన్న లెక్క లేదు. నయమయ్యేదాకా, లేదా ఇక నయం కాదు, ఇది శాశ్వత లోపం అని తేలేదాకా వస్తుంది. మూడు, శాశ్వత లోపం మిగిలితే దానికి పరిహారం. నాలుగు, మనిషి పోతే కుటుంబానికి.

ఇప్పుడు తేడా చూడండి. అదే చెయ్యి, అదే విరుగుడు. బాత్రూమ్ అని రాస్తే 55 రోజుల్లో 100 దీనార్లు, ఆ తర్వాత టికెట్. సైట్ అని రాస్తే నయమయ్యేదాకా భత్యం, ఆ పైన లోపానికి పరిహారం. ఫోర్‌మన్ దారిలో చెప్పిన మాట ఖరీదు అది.

ఇంటి నుంచి పనికి, పని నుంచి ఇంటికి వెళ్లే దారిలో జరిగిన ప్రమాదం కూడా పని దెబ్బే, కాకపోతే దారి తప్పకుండా నేరుగా వెళ్తుండాలి. క్యాంపు నుంచి కంపెనీ బస్సులో సైట్‌కి వెళ్తుంటే యాక్సిడెంట్ అయిందంటే లెక్కలోకి వస్తుంది. డ్యూటీ అయ్యాక గుదైబియాలో స్నేహితుడిని కలిసి, అక్కణ్నుంచి వస్తుంటే అయింది అంటే కష్టం. తాగి ఉండి పడినా, కావాలని చేసుకున్నా పరిహారం ఆగిపోవచ్చు.

"మా కంపెనీ నన్ను ఎస్‌ఐఓలో నమోదే చేయలేదు, నాకు రాదా?" అని ఒక అన్న అడిగారు. నమోదు చేయకపోవడం యజమాని తప్పు, దానికి శిక్ష మీకు పడకూడదు. ఫిర్యాదులో ఆ మాట ముందే రాయండి. అంతకంటే మంచి పని, దెబ్బ తగలకముందే ఈ వారమే మీ సీపీఆర్‌తో ఎస్‌ఐఓలో మీ పేరు, జీతం ఎంతని చూపించారో చూసుకోండి. ఈ-కీ ఉంటే ఆన్‌లైన్‌లో కనిపిస్తుంది. అసలు జీతం 150 ఉంటే 80 అని చూపించే కంపెనీలు ఉంటాయి. రేపు లెక్క కట్టేది ఆ 80 మీదే.

లోపం శాతం ఎందుకంత ముఖ్యం

వైద్యం అంతా అయ్యాక కూడా చెయ్యి, కాలు, కన్ను పూర్తిగా బాగుపడకపోతే వైద్య కమిటీ ఒక శాతం వేస్తుంది. ఈ శాతం మీదే అంతా ఆధారపడి ఉంటుంది. 30 శాతం, ఆపైన ఉంటే నెలనెలా పింఛను లెక్కలోకి వస్తుంది. 30 కంటే తక్కువైతే ఒకేసారి ఇచ్చే మొత్తం. 28కీ 30కీ మధ్య ఉన్న తేడా రెండు అంకెలే, కానీ మన జీవితంలో అది చాలా పెద్ద తేడా.

అందుకే కమిటీ ముందుకు వెళ్లేటప్పుడు ఖాళీ చేతులతో వెళ్లొద్దు. ఎక్స్‌రేలు, ఆపరేషన్ నోట్సు, డిశ్చార్జ్ కాగితం, ఫిజియోథెరపీ చీటీలు అన్నీ పట్టుకెళ్లండి. మనవాళ్లలో ఒక అలవాటు ఉంది. డాక్టర్ "ఎలా ఉంది?" అంటే "పర్లేదు సార్, బాగానే ఉంది" అంటాం. అక్కడ ఆ మర్యాద వద్దు. ఏ పని చేయలేకపోతున్నారో చెప్పండి: బకెట్ ఎత్తలేను, చొక్కా గుండీ పెట్టుకోలేను, డ్రిల్ పట్టుకుంటే పది నిమిషాలకు వేళ్లు మొద్దుబారుతున్నాయి అని. శాతం తక్కువ వేశారనిపిస్తే ఆలస్యం చేయకుండా రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టండి.

పాత పని చేయలేకపోయినా వేరే పని చేయగలిగితే, "నాకు స్టోర్‌లోనో, గేట్ దగ్గరో తేలిక పని ఇవ్వండి" అని కంపెనీకి రాసి ఇవ్వండి. నోటితో అడిగితే అడిగినట్టు కాదు. ఒక మెయిల్, లేదంటే వాట్సాప్ అయినా సరే. రేపు "వీడే వెళ్లిపోతానన్నాడు" అని కంపెనీ అంటే మీ దగ్గర జవాబు ఉంటుంది.

ఊరికి పంపేస్తామంటే గ్రాట్యుటీ లెక్క

దెబ్బ పరిహారం వేరు, సర్వీసు డబ్బు వేరు. ఒకటి ఇచ్చి రెండోది కలిసిపోయింది అంటే ఒప్పుకోవద్దు.

సర్వీసు డబ్బు లెక్క: మొదటి మూడేళ్లకు ఏడాదికి సగం నెల జీతం, ఆ తర్వాత ప్రతి ఏడాదికి ఒక నెల జీతం. 120 దీనార్ల జీతంతో ఆరేళ్లు చేశారనుకోండి. మొదటి మూడేళ్లకు 60 చొప్పున 180, తర్వాతి మూడేళ్లకు 120 చొప్పున 360. మొత్తం 540 దీనార్లు.

2024 మార్చి 1 నుంచి దీని పద్ధతి మారింది. ఆ రోజు నుంచి కంపెనీ ఈ డబ్బును నెలనెలా ఎస్‌ఐఓలో కట్టాలి. సర్వీసులో మొదటి మూడేళ్లవాళ్లకు జీతంలో 4.2 శాతం, మూడేళ్లు దాటినవాళ్లకు 8.4 శాతం. 120 జీతానికి నెలకు 5.04 లేదా 10.08 దీనార్లు. ఉద్యోగం ముగిశాక ఈ భాగం ఎస్‌ఐఓ నుంచి మీ బ్యాంకు ఖాతాకు వస్తుంది. కానీ 2024 మార్చికి ముందు చేసిన సర్వీసు డబ్బు మాత్రం కంపెనీయే ఇవ్వాలి. పాతవాళ్లు ఇక్కడే మోసపోతున్నారు. ఎస్‌ఐఓ నుంచి వచ్చింది చూసుకుని "అంతే కాబోలు" అనుకుని విమానం ఎక్కేస్తున్నారు. రెండు చోట్లా అడగాలి.

ఖాతా మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. దెబ్బ తగిలి వెళ్లేవాళ్లు కంగారులో ఇక్కడి బ్యాంకు ఖాతా ముందే మూసేయొద్దు. డబ్బు ఎక్కడికి, ఎలా వస్తుందో ఎస్‌ఐఓ దగ్గర అడిగి తెలుసుకున్నాకే కదలండి.

అరబిక్ కాగితం మీద సంతకం

"అన్నీ ముట్టాయి, నాకేం బాకీ లేదు" అని రాసిన కాగితం ముందు పెట్టి, సంతకం చేస్తేనే టికెట్ అంటారు. చదవలేని కాగితం మీద సంతకం పెట్టకండి, ముందు ఫోటో తీసి అరబిక్ వచ్చినవాళ్లకు పంపండి. ఇప్పటికే పెట్టేసినవాళ్లు గుండె జారిపోనక్కర్లేదు. ఉద్యోగంలో ఉండగా గానీ, అది ముగిసిన మూడు నెలల లోపు గానీ చట్టం ఇచ్చిన హక్కును వదులుకుంటున్నట్టు రాయించుకున్న ఒప్పందం చెల్లదని కార్మిక చట్టమే చెబుతోంది. సంతకం పెట్టేశాం కదా అని ఊరుకోకండి.

ఇళ్లలో పనిచేసే అక్కలు, ఫ్రీ వీసా అన్నలు

కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి వచ్చి ఇళ్లలో పనిచేస్తున్న అక్కలు చాలామంది వింటారని తెలుసు. మీకు పైన చెప్పినవన్నీ వర్తించవు. కార్మిక చట్టంలో కొన్ని భాగాలే ఇంటి పనివాళ్లకు ఉన్నాయి: రాతపూర్వక కాంట్రాక్టు, జీతం, ఏడాదికి సెలవు, సర్వీసు డబ్బు, ఫీజు లేకుండా కేసు వేసే హక్కు. ఎస్‌ఐఓ ప్రమాద బీమా లేదు. కాబట్టి ఇండియా వైపు బీమా మీకు మరీ ముఖ్యం. అది కింద రాశాను.

ఇక ఫ్రీ వీసా. వీసా ఒకరి పేరు మీద, పని ఇంకొకరి దగ్గర. దెబ్బ తగిలితే పనిచేయించుకున్నవాడు "నా మనిషి కాదు" అంటాడు, కఫీల్ "నా దగ్గర పనిచేయలేదు" అంటాడు. పైగా అది చట్టప్రకారం తప్పు కూడా. సొంతంగా పర్మిట్ తీసుకుని పనిచేసుకునేవాళ్లకు కూడా ప్రమాద బీమా కట్టే కంపెనీ వెనక ఉండదు. వాళ్లు సొంత బీమా తీసుకోవాల్సిందే. నెలకు పది దీనార్లు ఎక్కువ వస్తున్నాయని వెళ్లేముందు ఈ లెక్క కూడా వేసుకోండి.

దెబ్బ తగిలిన రోజు

ఇది మాత్రం బట్టీ పట్టండి.

అంబులెన్సుకు 999. పెద్ద దెబ్బైతే పికప్ కోసం చూడొద్దు. అంబులెన్సు సైట్‌కే వచ్చి తీసుకెళ్తే, ఎక్కడ పడ్డారో దానికదే రికార్డు అవుతుంది.

ఎమర్జెన్సీలో నిజం చెప్పండి. "వర్క్, సైట్, ఫాల్" అన్న మూడు ముక్కలు చాలు. హిందీ తెలిసిన నర్సులు, స్టాఫ్ ఉంటారు. ఏం రాశారో అడిగి చదివించుకోండి.

తోటివాళ్లు చేయాల్సింది ఒకటుంది. పడిన చోటు, నిచ్చెన, మిషన్ ఫోటో తీసి వెంటనే గ్రూపులో పెట్టండి. తేదీ, టైమ్ దాంట్లోనే ఉంటాయి. చూసిన ఇద్దరి పేర్లు, నంబర్లు రాసుకోండి.

ఎస్‌ఐఓకి ప్రమాదం గురించి తెలియజేయాల్సింది కంపెనీ. తెలియజేశారా అని మందూబ్‌ని మెసేజ్‌లో అడగండి, కాపీ ఇమ్మనండి. పోలీసు రిపోర్టు అయితే దాని నంబర్ రాసుకోండి.

ప్రతి కాగితం ఫోటో తీసి ఊళ్లో ఇంట్లోవాళ్లకూ పంపండి. మీ ఫోన్ పోయినా కాగితం బతుకుతుంది.

ఫిర్యాదు ఎక్కడ

మొదట కార్మిక మంత్రిత్వ శాఖలో రాజీ విభాగం. అక్కడ కుదరకపోతే లేబర్ కోర్టు. కార్మికుడు వేసే లేబర్ కేసుకు కోర్టు ఫీజు లేదు. కానీ గడువు ఉంది: ఉద్యోగం ముగిసిన ఏడాది లోపు కేసు వేయాలి. ఊరికి వెళ్లి "తర్వాత చూద్దాంలే" అనుకున్నవాళ్లు అక్కడే పోగొట్టుకున్నారు. వెళ్లక తప్పకపోతే, నమ్మకమైన మనిషి పేరుమీద పవర్ ఆఫ్ అటార్నీ రాసి వెళ్లండి.

పాస్‌పోర్టు లాక్కున్నా, బెదిరించినా, బలవంతంగా పనిచేయిస్తున్నా ఎల్‌ఎంఆర్‌ఏ వాళ్ల ప్రవాసీ రక్షణ కేంద్రం సహ్లాలో ఉంది. హెల్ప్‌లైన్ 995.

మన ఎంబసీలో ఓపెన్ హౌస్ జరుగుతుంది, కాగితాలన్నీ పట్టుకుని వెళ్లండి. కష్టంలో ఉన్నవాళ్ల వైద్యానికి, టికెట్‌కి ఎంబసీ దగ్గర సంక్షేమ నిధి ఉంటుంది. ఎంబసీతో కలిసి పనిచేసే ఐసీఆర్‌ఎఫ్ వాలంటీర్లు కూడా సాయం చేస్తారు. మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టి నంబర్ తీసుకుంటే, ఊళ్లో ఉన్నవాళ్లు కూడా దాన్ని చూస్తూ ఉండొచ్చు.

ఇండియా వైపు నుంచి

ఈసీఆర్ పాస్‌పోర్టుతో వచ్చినవాళ్లందరికీ ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. ప్రమాదంలో మరణించినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షల రూపాయలు. ప్రీమియం రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు. చాలామంది ఏజెంట్ దగ్గర ఆ కాగితం వదిలేసి వచ్చారు. పాలసీ నంబర్ ఇప్పుడే తెప్పించుకోండి, గడువు అయిపోతే ఆన్‌లైన్‌లో రెన్యూ చేసుకోండి. ఆంధ్రావాళ్లకు ఏపీఎన్‌ఆర్‌టీ ద్వారా ప్రవాసాంధ్ర భరోసా బీమా కూడా ఉంది. తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే 5 లక్షలు గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబానికి మాత్రమే, వైకల్యానికి కాదు.

ఊరికి వెళ్లాక ఇక్కడి శాతం కాగితం ఒక్కటే పింఛనుకు సరిపోదు. ప్రభుత్వ హాస్పిటల్‌లో సదరం క్యాంపుకు వెళ్లి పరీక్ష చేయించుకోవాలి. 40 శాతం, ఆపైన ఉంటే ఆంధ్రలో నెలకు 6,000, తెలంగాణలో 4,016 రూపాయల పింఛనుకు దరఖాస్తు చేయొచ్చు. సల్మానియా కాగితాలన్నీ వెంట తీసుకెళ్లండి, అక్కడి డాక్టర్లకు పనికొస్తాయి.

చివరి మాట

మా తమ్ముడు ఇప్పుడు ఊళ్లో ఉన్నాడు. చెయ్యి ఇంకా పూర్తిగా తిరగదు. మొన్న ఫోన్ చేసి, "అన్నా, ఈ ఎపిసోడ్‌లో నా పేరు వద్దు గానీ, బాత్రూమ్ సంగతి మాత్రం చెప్పు" అన్నాడు. అందుకే చెప్పాను.

ఫోర్‌మన్‌లు కూడా మన ఎపిసోడ్‌లు వింటారు. మీకూ ఒక మాట అన్నా. పై నుంచి మీ మీద ఒత్తిడి ఉంటుందని తెలుసు. కానీ ఆ 3 శాతం కంపెనీ కట్టేది ఇందుకోసమే. నిజం రాస్తే డబ్బు ఇచ్చేది ఎస్‌ఐఓ. అబద్ధం రాయిస్తే నష్టపోయేది మీ కింద పనిచేసే పిల్లాడు.

ఈ పేజీ మీ రూమ్ గ్రూపులో పెట్టండి. చదవడం రానివాళ్లకు ఒకసారి చదివి వినిపించండి. ప్రశ్నలుంటే వాయిస్ మెసేజ్ పంపండి, పేరు చెప్పక్కర్లేదు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. పని మీద జాగ్రత్త.